ఆరు నెలల పాలు

"అమ్మా, ఫ్రిజ్‌లో పాలు అయిపోతే స్టోర్‌రూములో ఉన్నాయి, తీసుకో" అని మా అమ్మాయి డాక్టరు దగ్గరికి పోతూ పోతూ గుమ్మంలోంచి చెప్పినప్పుడు, నేనే సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. స్టోర్‌రూములో ఉల్లిగడ్డలుంటాయి, బియ్యం సంచి ఉంటుంది, పారేయడానికి చేతులు రాని పాత చెప్పులుంటాయి. పాలెందుకుంటాయండీ?

ఇది 2016 నాటి మాట. మా అల్లుడు ఫ్రాన్సులో తూలూజ్ అనే ఊళ్ళో ఇంజనీరు. విమానాలు తయారయ్యే ఊరది. అమ్మాయి పురిటికి మూడు నెలల వీసా మీద వెళ్ళాను. కట్టంగూర్ నుంచి కారప్పొడి, చింతకాయ తొక్కు, మెంతులు, వాము, అన్నీ మోసుకుపోయాను గాని పాల సంగతి మాత్రం తోచలేదు. పాలు ఎక్కడైనా పాలేగా అనుకున్నాను.

తలుపు తీసి చూద్దును గదా, ఇటుకల్లాంటి అట్టపెట్టెలు ఆరు ఒక కట్ట. అలాంటి కట్టలు రెండు, బట్టలుతికే సబ్బుపొడి డబ్బా పక్కన, ఏ దిక్కూ లేనట్టు నేలమీద కూర్చొని ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే చల్లదనం లేదు సరిగదా, వెనక ఉన్న గోడకు ఎండ తగిలిందేమో, గోరువెచ్చగా ఉంది. మీద వేసిన తేదీ చూస్తే ఇంకా మూడు నెలలుంది. వాసన చూశాను. అట్టకు వాసనేముంటుంది! తెచ్చి టేబుల్ మీద పెట్టి, అమ్మాయి వచ్చిందాకా టీ తాగకుండా కూర్చున్నాను. భయమంటే నమ్మండి.

మరి నేను పెరిగిందీ, కాపురం చేసిందీ ఎలాంటి చోటో మీకు చెప్పాలి. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ చేరేలోగా వస్తుంది మా ఊరు. బస్సులో కునుకు తీసేవాళ్ళకు కనబడదు. నల్లగొండ జిల్లా అనగానే అందరికీ ఫ్లోరైడ్ నీళ్ళే గుర్తొస్తాయి. నీళ్ళ మీద లేని నమ్మకమంతా మేము పాల మీద పెట్టుకున్నాం. (పాలలో కలిపేవి కూడా ఆ నీళ్ళే గదా అని మావారంటారు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు, అట్లాగే మాట్లాడతారు.)

నేను 1983లో ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మా అత్తమ్మకు ఒక బర్రె ఉండేది. ఆవిడ ప్రపంచమంతా ఆ బర్రె చుట్టే తిరిగేది. తెల్లవారుజామున పిండిన పాలు సర్వలో పోసి, పిడకల మంట మీద పెట్టి మరిచిపోయినట్టు వదిలేసేది. మరిచిపోయేది కాదు, చెవి అక్కడే ఉండేది. మధ్యాహ్నానికి పాలు కాస్త ఎర్రబారి, మీద అప్పచ్చిలాంటి మీగడ కట్టేది. సాయంత్రం తోడు, తెల్లారి కవ్వం, వెన్న, నెయ్యి. చల్ల కోసం వాడకట్టు పిల్లలు ముంతలు పట్టుకుని వరసకట్టేవాళ్ళు. పొద్దున పిండిన పాలు రాత్రి దాకా ఉంటే అత్తమ్మ దృష్టిలో అవి ముసలిపాలు. అలాంటిది మూడు నెలల ముసలిపాలు, అదీ పుట్టబోయే పిల్ల ఉన్న ఇంట్లో!

అమ్మాయి వచ్చి నా మొహం చూసి పకపకా నవ్వింది. "అమ్మా, ఈ దేశంలో నూటికి తొంభై మందికి పైగా తాగేది ఇవే. రేపు బజారుకు తీసుకుపోతా, నీ కళ్ళతో చూడు" అంది.

తీసుకుపోయింది. బజారంటే మన నకిరేకల్ సంతకు పది రెట్లుంది. ఒక వీధంత పొడుగు అరలనిండా పాలు, గుట్టలు గుట్టలుగా, ఫ్రిజ్ లేదు పాడూ లేదు. జనం ఆరేసి పెట్టెల కట్టలు బండ్లలోకి ఎత్తుకుంటున్నారు, మనం సిమెంటు బస్తాలెత్తినట్టు. ఎర్ర గుర్తుంటే వెన్న తీయని పాలు, నీలమైతే సగం తీసినవి, ఆకుపచ్చయితే మొత్తం తీసినవి. జనం ఎక్కువగా కొనేది నీలం. మరి పచ్చిపాలెక్కడ అంటే, ఎక్కడో మూలన చిన్న ఫ్రిజ్‌లో నాలుగు సీసాలు, సవతి పిల్లల్లా.

ఇందులో మందేదో కలుపుతారని నా అనుమానం. కాదట. మన ప్యాకెట్ పాలను డెబ్భై రెండు డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు కాగబెడతారు. దాంతో రోగాలు తెచ్చే క్రిములు చస్తాయి గాని పాలను పులియబెట్టేవి కొన్ని మిగులుతాయి. అందుకే ఫ్రిజ్ కావాలి, రెండు మూడు రోజుల్లో వాడుకోవాలి. వీటిని మాత్రం నూట ముప్పై అయిదు డిగ్రీలు దాటించి, రెండు నాలుగు సెకన్లు అట్టే ఉంచి, గబుక్కున చల్లార్చి, గాలీ వెలుతురూ సూక్ష్మక్రిమీ చొరబడని పెట్టెలో మూసేస్తారు. విప్పనంత కాలం ఆరు నెలలైనా నిలుస్తాయి. విప్పిన తర్వాత మాత్రం వాటి బతుకూ మన పాల బతుకే, ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగు రోజుల్లో తాగేయాలి. విటమిన్లు కొన్ని కాస్త తగ్గుతాయట. కాల్షియం, మాంసకృత్తులు ఎక్కడికీ పోవు.

ఆ పెట్టె కథ నాకు భలే నచ్చింది. స్వీడన్ దేశంలో లుండ్ అనే ఊళ్ళో 1951లో పుట్టింది టెట్రా పాక్ కంపెనీ. మొదట్లో ఆ పొట్లం నాలుగు మొహాల సమోసాలా ఉండేది, ఆ నాలుగు మొహాల ఆకారం పేరులోంచే కంపెనీకి 'టెట్రా' వచ్చింది. పొట్లంలో గాలి మిగలకుండా మూయడమెట్లా అని కంపెనీ పెట్టిన రూబెన్ రౌసింగ్ తల పట్టుకుంటుంటే, భోజనాల దగ్గర ఆయన భార్య ఎలిజబెత్, పాలు పోస్తూనే పాలలోంచే అతుకు వేయరాదా అన్నదట. అట్లాగే చేశారని చెబుతారు. మగవాళ్ళ ఫ్యాక్టరీకి వంటింటి మాట ఎంత పనికొచ్చిందో చూశారా! క్రిములు చొరబడని పొట్లం మాత్రం 1961లో వచ్చింది.

ఫ్రాన్సు, స్పెయిన్, బెల్జియం, పోర్చుగల్ వాళ్ళంతా ఈ పాలకే అలవాటు పడ్డారు. వారానికోసారి కారేసుకుపోయి సరుకులు తెచ్చుకోవడం, ఇంట్లో చిన్న ఫ్రిజ్‌లు, పైగా వాళ్ళకు పాలంటే గ్లాసులో పోసుకుని తాగేది కాదు. పాలలో రుచి అంతా జున్నుముక్కలకు పోతుంది, కాఫీలో చుక్కకు ఏ పాలైతేనేం?

సముద్రపు పాయ దాటితే ఇంగ్లండు. మా ఆడపడుచు కూతురు అక్కడ ఉంటుంది. "ఛీ, ఆ పాలా! హోటలు గదుల్లో చిన్న చిన్న డబ్బాల్లో పెడతారు, అవేనా? టీ పాడైపోతుంది" అంది ఫోనులో. అక్కడ ఈ పాలు తాగేవాళ్ళు నూటికి పదిమంది కూడా ఉండరు. టీ దేశం గదా. తెల్లవారకముందే పాలవాడొచ్చి గుమ్మంలో సీసా పెట్టిపోయే అలవాటు వాళ్ళ తాతలనాటిది. ఇప్పుడా పాలవాళ్ళు బాగా తగ్గిపోయినా నాలుక మారలేదు. ఇంకో వింత చూడండి. ఇంగ్లండులో నీలం మూత వెన్న తీయని పాలకు, ఎర్రమూత వెన్నంతా తీసిన పాలకు! ఫ్రాన్సుకు పూర్తి తలకిందులు. మా ఆడపడుచు కూతురు తూలూజ్ వచ్చినప్పుడు బరువు తగ్గాలని ఎర్ర గుర్తు పాలే వారం రోజులు తాగిందట. ఆ ముచ్చట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం.

మా మరిది కొడుకు అమెరికాలో డల్లాసులో. అక్కడ నాలుగు లీటర్లకు కాస్త తక్కువగా బిందెలాంటి డబ్బా, బీరువాలాంటి ఫ్రిజ్. పార్మలాట్ అనే ఇటలీ కంపెనీ 1990ల్లో ఈ నిలవపాలు అక్కడ అమ్మబోతే, చల్లగా లేని పాలు పాలే కావన్నారట అమెరికా వాళ్ళు. చైనాలో అట్లా కాదు. పాడి ఎక్కువగా ఉత్తరాన ఇన్నర్ మంగోలియా గడ్డి మైదానాల్లో, తాగే జనమేమో ఎక్కడో దక్షిణాన పెద్ద పట్నాల్లో. అంత దూరం పోవాలంటే నిలవపాలే గతి, వాటికే అలవాటు పడ్డారు.

ఇంతకూ నేనూ తాగాను. కాచిన పాల వాసన ఉంది. నిజం చెప్పాలంటే అదే నన్ను కాస్త కనికరింపజేసింది. అత్తమ్మ సర్వలోంచి వచ్చే వాసనకు అది దూరపు చుట్టం. కాని మీగడ? ఎంత కాచినా కట్టదు. వెన్నను పొడి పొడి చేసి పాలలో కలిపేస్తారట, ఇంక అది పైకి తేలదు. తోడు వేశాను. తోడుకుంది. గరిటె పెడితే మాత్రం సిగ్గుపడ్డట్టు జారిపోయింది. పాలు మరీ ఎక్కువ కాగడం వల్ల గట్టిగా పేరదని అమ్మాయి చెప్పింది. చివరికి ఆ మూలనున్న నాలుగు సీసాల్లోంచి ఒకటి, నిలవపాలు రెండు పాళ్ళు కలిపి ఓ తీరుగా పెరుగనిపించాను.

రాత్రి అత్తమ్మతో ఫోను.

"ఏం తాగుతున్నరే ఆడ?"

"పాలు బాగానే ఉన్నాయత్తమ్మా. ఆరు నెలలుంటాయట."

అవతల కాసేపు మాట లేదు. "మీగడ కడతదా?"

"కట్టదు."

"మరి గవేం పాలే?" అని ఫోను మావారి చేతికిచ్చేసింది.

ఇంటికొచ్చాక నాలో ఒక బుద్ధి పుట్టింది. అప్పటికి బర్రెను అమ్మేసి చాలా ఏళ్ళయింది. అత్తమ్మ మోకాళ్ళు సహకరించవు, నాకు పెండ ఎత్తే ఓపిక లేదు. మాకు ఒకామె వాడికపాలు పోస్తుంది. వాగవతలి వాడ నుంచి వస్తుంది, రెండు బర్రెలు. పొద్దున ఆరున్నరకు రావలసింది ఒకరోజు ఏడుకు, ఒకరోజు ఎనిమిదికి. ఒకనాడు పాలు చిక్కగా, ఒకనాడు అద్దంలో మొహం చూసుకోవచ్చు. శ్రావణం వస్తే ధర పెంచుతుంది, పండగకు చీరడుగుతుంది. పక్కనే కిరాణాకొట్లో ప్యాకెట్లున్నాయి. తమాషా ఏమిటంటే మా చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లారి కేంద్రంలో పోసిన పాలే హైదరాబాదు పోతాయి, అక్కడ ప్యాకెట్టుగా మారి, చుట్టంచూపుకు వచ్చినట్టు మళ్ళీ మా ఊరికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1974లో ఏర్పడి, విజయ పేరుతో పాలు ఊరూరికీ చేరిన తర్వాత పట్నంవాళ్ళకు ప్యాకెట్ అలవాటైంది. ఇప్పుడు పల్లెవాళ్ళకూ అయింది. వెన్న ఎంతుందో, పాల చిక్కదనమెంతో దాని మీద అచ్చువేసి ఉంటుంది. మనిషి మొహం చూసి ఊహించనక్కర్లేదు.

"ఈమెను మానిపించేద్దామత్తమ్మా, ప్యాకెట్టు తెప్పించుకుందాం" అని ఎన్నిసార్లన్నానో!

"వొద్దు" అనేది ఆవిడ.

"పాలు పలచగా ఉంటున్నాయి."

"ఉండనీ. ఆమెవే వోయించుకో."

పచ్చిపాల మీద ప్రేమ అనుకున్నాను. పాతకాలపు మనిషి, పట్టింది వదలదు అని మావారి దగ్గర చాటుగా విసుక్కునేదాన్ని కూడా. దాచడమెందుకు?

పోయిన వేసవిలో మా అమ్మాయి పిల్లలతో వచ్చింది. పిల్లలకు మన బర్రెపాలు మరీ చిక్కనయ్యాయి, కడుపులు కదిలాయి. అల్లుడు హైదరాబాదు నుంచి టెట్రా పెట్టెలు ఒక డజను తెచ్చాడు. మన దగ్గర కూడా ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. మామూలు ప్యాకెట్ కంటే ధర ఎక్కువ గనుకా, ఎలాగూ మనం ఏ పాలనైనా మళ్ళీ పొయ్యెక్కిస్తాం గనుకా, వాడేవాళ్ళు తక్కువ. పాలపొంగు చూడనిదే మనకు తెల్లవారినట్టుండదు గదా.

వాళ్ళు తిరిగి వెళ్ళిపోయిన సాయంత్రం రెండు పెట్టెలు మిగిలాయి. మండుటెండలు. కరెంటు పోయింది. అత్తమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చొని, ఒక పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. చెవి దగ్గర పెట్టి ఊపింది.

"ఇది గిట్లనే ఆరునెలలుంటదా?"

"ఉంటుందత్తమ్మా."

"ఎండకాలం గూడ?"

"ఎండాకాలం కూడా."

చాలాసేపు ఊరుకుంది. తర్వాత అన్నది: "గీ డబ్బ గప్పుడుంటే నేను ఆ గడపకు పోకపోదును."

ఏ గడప అంటే చెప్పింది. 1985 మే నెల సంగతి. మా అమ్మాయికి అప్పుడు నాలుగో నెల. నాకు టైఫాయిడు వచ్చి, ఒంటిమీద తెలివి లేదు, పాలు ఎండిపోయాయి. సరిగ్గా అప్పుడే బర్రె వట్టిపోయింది. పొద్దున కొన్న పాలు ఆ ఎండకు సాయంత్రానికి విరిగిపోయేవి. ఇంట్లో ఫ్రిజ్ అన్న మాటే లేదు. ఇదంతా నాకు తెలిసిందే. గొల్లవారింటి నుంచి అత్తమ్మ మేకపాలు తెచ్చి పట్టి పిల్లను బతికించిందని మా ఇంట్లో అందరం చెప్పుకుంటాం. మా అమ్మాయిని చిన్నప్పుడు 'మేకపాల పిల్ల' అని ఆటపట్టించేవాళ్ళం కూడా.

"గొల్లోల్లు గాదు" అంది అత్తమ్మ. "వాల్లు మందను తోలుకొని మూసీ దిక్కు పోయిండ్రు. ఊరంత తిరిగిన. ఒక్క ఇంట్ల పాలు లెవ్వు. నడిజాము అయింది. పోరి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. చెంబు పట్టుకొని వాగు దాటిన."

వాగు దాటడమంటే ఏమిటో ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ వాడవాళ్ళు మా బావిగట్టు ఎక్కేవాళ్ళు కాదు. వాళ్ళ చేతి మంచినీళ్ళు తాగడం కాదు, వాళ్ళు ముట్టిన చెంబు బూడిద పెట్టి తోమనిదే ఇంట్లోకి రానిచ్చేది కాదు ఈవిడ. నేనే తోమాను ఎన్నోసార్లు.

"ఆ ఇంట్ల ఒక మేక ఉండె. ఆమెకు గూడ చంటిపిల్ల. నిద్రల్నించి లేసొచ్చింది. చెంబు చూసి సమజైంది ఆమెకు. మేకను వట్టుకొని, పిండబోయి ఆగింది. 'నేను వితికిన పాలు మీ పిల్ల తాగుతదా దొర్సానీ?' అన్నది."

"మీరేమన్నారు?"

"ఏమంట? చెంబు ముందల వెట్టిన."

చల్లకొచ్చి ముంత దాచుకున్నట్టు, చెంబును కొంగు కింద పెట్టుకుని తొమ్మిది రాత్రులు వెళ్ళి వచ్చిందట. డబ్బులిస్తే ఆమె తీసుకోలేదట. ఇంట్లో మామయ్యకు గొల్లవారి పాలని చెప్పింది. మామయ్య పోయారు. ఆమె పోయింది. ఇప్పుడు మాకు వాడికపాలు పోసేది ఆమె మనవడి భార్య.

నాకు నోట మాట రాలేదు. ఏళ్ళ తరబడి మానిపించేద్దాం, మానిపించేద్దాం అని నేను ఎవరి పాలు వద్దన్నానో తెలిసొచ్చాక, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు మొహం. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తమ్మా?" అన్నాను.

"ఏమని చెప్పాలె? సిగ్గయితుండె" అంది. పాలు తెచ్చినందుకా, చెంబు తోమించినందుకా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆవిడ పెట్టె నా చేతిలో పెట్టి, "ఉండనీ, రాత్రిపూట అక్కరకొస్తది" అంది. కరెంటొచ్చింది. లోపల ఫ్యాను గిర్రున తిరిగిన చప్పుడైంది.

ఆ రాత్రే మా అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమె చంటిపిల్ల అన్నావు గదా, ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. చిట్యాల దగ్గర ఇచ్చారని విన్నాను, కనుక్కుని చెబుతానన్నాను. ఇంకా కనుక్కోలేదు. ఈ దసరాకు వస్తుందంటున్నారు.

పెట్టెలు రెండూ గూట్లో పప్పుల డబ్బాల పక్కన ఉన్నాయి. వాటి మీది తేదీ కార్తీకం దాకా ఉంది.

మర్నాడు పొద్దున ఏడున్నరకు పాలామె వచ్చింది. ఎప్పటిలాగే గిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్ళాను. ఆమె కొలిచి పోసింది. చూస్తే ఆ రోజూ పలచగానే ఉన్నాయి. పాత రోజుల్లోలా కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. అయినా ఊరుకోలేక, "ఏమే, నీళ్ళు పోసినవా ఏంది?" అన్నాను.

"నేనెందుకు పోస్తనమ్మా! ఎండలకు బర్రె నీళ్ళు శాన తాగుతుంది" అని నవ్వి, కొసరుగా ఇంకో గరిటెడు పోసింది.

లోపలి నుంచి అత్తమ్మ కేక వేసింది. "ఆమెకు చాయ్ పొయ్యవే. మన గిలాసల పొయ్యి."